తోలు హెల్మెట్‌లో ఎవరి తల?

తుపాకీనో కత్తినో యుద్ధ జ్ఞాపకంగా దాచుకునేవాళ్ళ గురించి మనకు తేలిగ్గానే ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. అవి చంపడానికి చేసిన వస్తువులు. కానీ హెల్మెట్ ఎవర్నీ చంపదు. తలను చలి నుంచి కాపాడుతుంది, చెవికి మాట వినిపిస్తుంది, ముక్కు దగ్గర ఆక్సిజన్ మాస్కును పట్టి వుంచుతుంది. మరి రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానాలు నడిపినవాళ్ళ హెల్మెట్లనూ, కళ్ళద్దాలనూ, చేతి తొడుగులనూ ప్రేమగా సేకరించడంలో తప్పేముంది? వస్తువును ప్రేమిస్తూ, ఆ వస్తువు ఏ పనికి తోడుగా వెళ్ళిందో దాన్ని ప్రేమించకుండా వుండడం సాధ్యమేనా?

నాకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. అమెరికాలో ఓహాయోలో వుండే మా పెద్దమ్మ కొడుకు పదేళ్ళుగా ఇవే సేకరిస్తున్నాడు. బ్రిటిష్ వైమానిక దళం వాడిన 'సి' టైపు తోలు హెల్మెట్ అతని దగ్గర వుంది. లోపల మెత్తటి తోలు అస్తరు, చెవుల దగ్గర ఇయర్‌ఫోన్లను పట్టుకునే రబ్బరు గిన్నెలు, మాస్కు తగిలించుకునే టిచ్ బటన్లు, లోపలివైపు సైజు అంకె. వీటిలో ఏది అసలుదో ఏది తర్వాత అతికించిందో చూడగానే చెప్పేస్తాడు. లోపల పైలట్ పేరు రాసి వుంటే ధర పెరుగుతుందట. "యుద్ధం సంగతి నాకెందుకమ్మా, నేను దాచేది మనిషిని" అంటాడు అన్నయ్య. ఇరవై ఏళ్ళ కుర్రాడి చెమట ఆ తోలులో ఇంకి వుందని అతని నమ్మకం.

ఆ మాటను నేను తేలిగ్గా తీసెయ్యను. సాహిత్య పరిశోధకులం మేం చేసేదీ దాదాపు అదే. రచయిత్రి రాతప్రతిలో కొట్టివేతల్నీ, అంచున పడ్డ సిరామరకల్నీ వెతుకుతాం. ఒక వస్తువు మీద అంత ఓపికగా చూపు నిలపడం కూడా ఒక నైతిక గుణమే. చట్టం కూడా ఈ భావాన్ని గుర్తించింది. బ్రిటన్‌లో 1986లో వచ్చిన చట్టం ప్రకారం, కూలిన సైనిక విమానాల శిథిలాలను అనుమతి లేకుండా తవ్వకూడదు. అక్కడ వున్నది ఇనుము మాత్రమే కాదు, ఒక మనిషి చివరి చోటు కూడా అని.

నా పేచీ ఆ 'మనిషి' దగ్గర మొదలవుతుంది. ఏ మనిషి?

1942-44 మధ్య అమెరికాలో 'వాస్ప్' అనే దళంలో 1,074 మంది స్త్రీలు శిక్షణ పూర్తిచేసి సైనిక విమానాలు నడిపారు. ఫ్యాక్టరీల నుంచి ఫైటర్లను సైనిక స్థావరాలకు చేర్చారు. వాళ్ళకిచ్చిన ఫ్లయింగ్ దుస్తులు మగవాళ్ళ సైజులవి. చేతులూ కాళ్ళూ మడిచి, నడుముకు బెల్టు బిగించి తొడుక్కున్నారు. 38 మంది చనిపోయారు. వాళ్ళను సైనికులుగా లెక్కించలేదు కాబట్టి శవాన్ని ఇంటికి పంపే ఖర్చు కూడా సైన్యం పెట్టుకోలేదు. మాజీ సైనికులుగా గుర్తింపు వచ్చింది 1977లో. సోవియట్ ఫైటర్ పైలట్ లిడియా లిత్వ్యాక్ 1943 ఆగస్టులో యుద్ధంలో అదృశ్యమయ్యేనాటికి ఆమెకు 21 ఏళ్ళు. శిక్షణ రోజుల్లో తనకిచ్చిన బూట్ల లోపలి ఉన్ని కత్తిరించి దుస్తులకు కాలరు కుట్టుకుందనీ, పైఅధికారి మరీనా రస్కోవా దాన్ని విప్పించి తిరిగి బూట్లలో కుట్టించిందనీ తోటివాళ్ళు చెప్పుకున్నారు. సేకరణ లోకంలో మార్పులేవీ చెయ్యని వస్తువుకే విలువ ఎక్కువ. మరి తమకు సరిపోనిదాన్ని మడిచి, కుదించి, కుట్టుకుని వాడుకున్న స్త్రీల చరిత్ర అక్కడ ఏమవుతుంది? చెడిపోయిన సరుకు అవుతుంది.

స్త్రీలు ఈ అలమరాల్లో అసలు లేరని కాదు, వున్నారు. ఎలా వున్నారో చూడండి. నీళ్ళలో పడితే తేలేలా గాలి నింపుకునే రక్షణ కోటుకు వైమానికులు పెట్టుకున్న పేరు 'మే వెస్ట్'. అది ఒక నటి పేరు. గాలి నిండిన కోటు ఆమె రొమ్ముల్ని గుర్తుకు తెస్తుందని వాళ్ళ హాస్యం. అమెరికన్ వైమానికుల తోలు జాకెట్ల వీపుల మీద అర్ధనగ్నంగా బొమ్మలై వున్నారు. యుద్ధకాలంలో దుస్తుల ఫ్యాక్టరీల కుట్టుమిషన్ల ముందు కూర్చున్నది ఎక్కువగా స్త్రీలే. ఆ కుట్టు ఎన్ని వరసలో చెప్పగలిగిన సేకర్తకు కుట్టినామె గురించి చెప్పడానికి ఒక్క వాక్యమూ వుండదు. కోటు లోపల రాసే పేరు తొడుక్కున్నవాడిదే.

ఇక్కడ ఆగితే మన వాదం సులువుగా ముగుస్తుంది. మన తలలకు సరిపోయే హెల్మెట్లు చేయించుకుంటే చాలనిపిస్తుంది. హైదరాబాద్ పక్కనే దుండిగల్‌లో 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ భారత వైమానిక దళంలో తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా చేరారు. మూసివున్న తలుపు తెరుచుకున్నందుకు నాకూ సంతోషమే. కానీ హెల్మెట్ ఎవరికి సరిపోతుందన్నది సగం ప్రశ్నే. అది ఎవరి మీదుగా ఎగిరిందన్నది మిగతా సగం.

1945లో ఇవో జిమా దీవి నుంచి బయల్దేరిన అమెరికన్ ఫైటర్లు జపాన్ నేలకు దగ్గరగా దిగి కాల్పులు జరిపాయి. అదే ఏడు ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు వేసింది ఫైటర్ కాదు, పెద్ద బాంబర్. ఆ నగరపు శాంతి స్మారక మ్యూజియానికి చేరిన వస్తువుల్లో ఒక హెల్మెట్ వుంది. నాలుగేళ్ళు ఇంకా నిండని షినిచి తెత్సుతాని మూడు చక్రాల సైకిల్ తొక్కుతుండగా బాంబు పడింది. ఆ రాత్రి చనిపోయాడు. అంత చిన్నవాణ్ణి ఒంటరిగా శ్మశానంలో వదలలేక తండ్రి ఇంటి పెరట్లోనే పాతిపెట్టాడు. పక్కన సైకిల్ పెట్టాడు. ఒక ఇనప హెల్మెట్ కూడా పెట్టాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1985లో, ఎముకల్ని కుటుంబ సమాధికి మార్చినప్పుడు ఆ సైకిల్నీ హెల్మెట్‌నీ మ్యూజియానికి ఇచ్చాడు.

ఆ తండ్రి కూడా దాచింది మనిషినే. తేడా ఏమిటంటే, ఆ తుప్పు పట్టిన ఇనుమును చూసి దాని తయారీ సంవత్సరం అడగాలని ఎవరికీ తోచదు. పైలట్ హెల్మెట్ దగ్గర మాత్రం తయారీ సంవత్సరమే మొదట అడుగుతాం. బాగా కుట్టిన తోలు మన చూపును తన అంచు దగ్గరే ఆపేస్తుంది. సేకరణలో ప్రమాదం నాకు కనిపించేది ఇక్కడే. అందులో ప్రేమ ఎక్కువై కాదు, ఆ ప్రేమ విమానం లోపలే ఆగిపోయి.

అంచేత అన్నయ్యను హెల్మెట్లు అమ్మెయ్యమని నేను అడగలేదు. సైజు, సంవత్సరం, పైలట్ పేరు రాసే చీటీ మీద మరో మూడు గీతలు గియ్యమన్నాను. దీన్ని ఎవరు కుట్టారు? ఇది ఎవరికి సరిపోలేదు? ఇది ఎవరి ఇంటి మీదుగా వెళ్ళింది? చాలావాటికి ఆ గీతలు ఖాళీగానే వుంటాయి. వుండనీ. ఎంత ఖాళీ వుందో కళ్ళకు కనిపించడం కూడా ఆ హెల్మెట్ చరిత్రలో భాగమే కదా.