తాత నవ్వు

వానలు లేక శెనక్కాయ పంట చేలోనే ఎండిన ఏడాది కూడా, బెళుగుప్పలో మా తాత రాత్రి జపమాల కాగానే మనవళ్లను చుట్టూ కూర్చోబెట్టుకొని పొడుపుకథలతో నవ్వించేవాడు. ఈయనకు చీకూచింతా లేదనుకునేవాళ్లం. ఆయన పోయాక పెట్టెలో అప్పు పత్రాలు బయటపడ్డాయి.

కరువులో నవ్వడం బాధ్యత లేకపోవడమా? కాదు. తన దిగులు పిల్లల మీద పడనివ్వని ప్రేమ అది. కానీ ఆ బరువు ఆయన ఒక్కడే మోశాడు, మేమెవరమూ అడగలేదు. ఇప్పుడు ఆయన ఆత్మ కోసం పూజ పెట్టిస్తున్నాం.

2021లో పోపు ఫ్రాన్సిస్ గారు, పునీత జ్వాకీము, అన్నమ్మల పండుగకు దగ్గరగా, జూలై నాలుగో ఆదివారాన్ని అవ్వాతాతల, వృద్ధుల దినంగా నెలకొల్పారు. ఆ రోజు మీ ఇంటి తాతతో కలిసి నవ్వండి. నవ్వు ఆగాక, "తాతా, నీ మనసులో ఏముంది?" అని అడగండి.