ఉప్పు ధర తెలియని వాళ్ళు

ప్రజలకి రొట్టె దొరకడం లేదని చెబితే కేకులు తినమన్నదట ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్. చిన్నప్పుడు మనమంతా విన్న కథే. పాపం, ఆవిడ ఆ మాట అన్నదనడానికి ఆధారమే లేదు. ఎవరో రాకుమారి అలా అన్నదని రూసో తన ఆత్మకథలో రాసేనాటికి ఈవిడ ఇంకా ఆస్ట్రియాలో ఆడుకునే పిల్ల! అనని మాట ఇన్నేళ్ళు ఎందుకు నిలిచిందంటారా? అనగలిగే మనిషేనని అందరికీ తోచింది గనక.

నన్నడిగితే రొట్టె కథకన్నా ఉప్పు కథే గట్టిది. ఆ రోజుల్లో ఫ్రాన్సులో ఉప్పు మీద ‘గాబెల్’ అని ఒక పన్ను ఉండేది. పారిస్‌తో సహా ఉత్తరాది ప్రాంతాల్లో ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషి లెక్కకీ ఏడాదికి సుమారు 3.5 కిలోల ఉప్పు, సర్కారు చెప్పిన ధరకి కొని తీరాలి. మాకొద్దంటే కుదరదు. పోనీ మిగిలింది కదా అని ఆ ఉప్పుతో మాంసం ఊరవేసుకుంటే నేరం. దానికి మళ్ళీ వేరే కొనాలి! ఏటా ఆవకాయ పెట్టే చేతులకి ఈ బాధ విడమర్చి చెప్పాలా? పక్కనే ఉన్న బ్రిటనీకి ఆ పన్ను లేదు, అక్కడ ఉప్పు కారుచవక. అందుకని ఆడవాళ్ళు లంగాల కింద ఉప్పు మూటలు దాచుకుని పొలిమేర దాటేవారు. పట్టుబడితే శిక్ష.

మరి గొప్పింటివాళ్ళో? ప్రభువులు, మతగురువులు, పెద్ద ఉద్యోగులు, వీరిలో చాలామందికి ఉప్పు ఊరికేనో, నామమాత్రపు ధరకో ఇంటికొచ్చేది.

వాళ్ళంతా దుర్మార్గులని నేననుకోను. దానధర్మాలు చేసిన ఇల్లాళ్ళు వాళ్ళలోనూ ఉన్నారు. కానీ ఉప్పు ధర ఎంతని అడిగే అవసరమే వాళ్ళకి రాలేదు. తెలియకపోవడం కూడా తప్పేనా అని వెనకేసుకు రాబోతాను. అంతలోనే, అలా తెలియకుండా బతికే సుఖానికి డబ్బు కట్టిందెవరు అన్న ప్రశ్న అడ్డం పడుతుంది.

1789 అక్టోబరు 5న పారిస్ బజారు ఆడవాళ్ళు రొట్టె కోసం వానలో తడుస్తూ వెర్సాయి దాకా నడిచారు. మర్నాడు రాజునీ రాణినీ వెంటబెట్టుకుని వచ్చారు. 1790లో గాబెల్ రద్దయింది.

ఇదంతా చదివి, ఉప్పు ప్యాకెట్ ఎంతో చెప్పండి చూద్దాం అని మావారిని అడిగాను. పేపరు దించకుండానే “ఇంట్లో ఉందిగా” అన్నారు. నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. అంట్లు తోముతున్న మా పనిమనిషి కనిపించింది. వాళ్ళింట్లో ఏం బియ్యం వండుకుంటారో, కిలో ఎంతకి కొంటారో నాకు తెలుసా? ఆ ఆలోచనలో పడి పాలు పొంగబెట్టేశాను.