వినుకొండ వారి తోట

కోనసీమలో గౌతమి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో వినుకొండ వారి మండువా లోగిలి, గట్టు పక్కన వాళ్ల కొబ్బరితోట తెలియనివాళ్లు లేరు. ఆ ఇంటి పెద్దాయనకు ఇంటిపేరంటే ప్రాణం. ఎవరు పలకరించినా ముందు వంశం సంగతే ఎత్తేవాడు.

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ఎగువ లంకల్లో ఇళ్లు పోగొట్టుకున్న కొన్ని కుటుంబాలు గట్టెక్కి వచ్చాయి.

"పిల్లలున్నారండి. నీరు తీసేదాకా తోటలో పాకలేసుకుంటామండి."

"మీరెవరి తాలూకు? ఊరూ పేరూ తెలియనివాళ్లను తోటలోకి రానివ్వను" అన్నాడు పెద్దాయన.

ఆ మాట మంచం మీదున్న తల్లి చెవిన పడింది. కొడుకుని లోపలికి పిలిచింది.

"మన ఇంటిపేరు ఎలా వచ్చిందో తెలుసా?"

"ఆ వినుకొండ ఏలినవాళ్లమై ఉంటామమ్మా."

"కాదు నాయనా. మా అత్తగారు చెప్పేవారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టే రోజుల్లో మీ ముత్తాతగారి తండ్రి కూలి పనికని వినుకొండ నుంచి భార్యాబిడ్డలతో నడిచొచ్చారట. పనయ్యాక ఈ ఊరు చేరితే ఒక రైతు తన దొడ్లో పాక వేసుకోనిచ్చాడట. ఊళ్లోవాళ్లు వినుకొండోళ్లని పిలిచారు. అంతకుముందు మన ఇంటిపేరేమిటో ఎవరికీ గుర్తులేదు. నువ్వెవరి తాలూకని ఆ రైతు అడిగుంటే, ఈ పేరూ లేదు, ఈ తోటా లేదు."

పెద్దాయన వానలోనే గట్టు మీదికి వెళ్లాడు. తోట తెరిపించి, పాకలకు తాటాకులూ వెదుళ్లూ ఇప్పించాడు. వరద తీశాక వెళ్లడానికి చోటు లేనివాళ్లకు తోట అంచున ఇళ్ల స్థలాలిచ్చాడు.

నీతి: సొంత ఊళ్లో ఉన్నవాణ్ని ఆ ఊరి పేరుతో పిలవడం అరుదు. ఊరి పేరు ఇంటిపేరయిందంటే, చాలావరకు ఎప్పుడో ఆ ఇంటివాళ్లు ఊరు విడిచి వచ్చారనీ, మరో ఊరు వాళ్లకు చోటిచ్చిందనీ అర్థం. కందుకూరి వీరేశలింగం గారి పూర్వీకులు కందుకూరు నుంచి రాజమండ్రికి వచ్చినవారు. ఆయన 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు, దిక్కులేని వితంతువులకు ఆశ్రయమిచ్చారు. అందుకే ఆ ఇంటిపేరు ఇవాళ తెలుగువాళ్లందరికీ తెలుసు. ఇంటిపేరు మన పెద్దలు పొందిన ఆదరణకు గుర్తు. ఆ ఆదరణను మరొకరికి అందించినవాడే దాన్ని నిలబెట్టినవాడు.