చేయువాడు – చేయించువాడు

గత మాసమున మా గ్రామ దేవాలయములో సుందరకాండ ప్రవచనము ముగిసిన పిమ్మట, పూర్వము నా వద్ద చదువుకొనిన శిష్యు డొకడు మండపములో నన్ను కలిసికొనెను. ఇప్పు డతడు పట్టణమున ఒక సంస్థయందు నలుబది మందిపై అధికారి. కుశలప్రశ్నలైన తరువాత తన బాధ చెప్పుకొనెను. "గురువుగారూ! మావారికి జీతము తక్కువ లేదు, సెలవులకు లోటు లేదు. అయినను చెప్పినంత పని చేసి లేచిపోదురు. చెప్పనిచో గడ్డిపోచ యెత్తరు. ఉద్యోగులకు మోటివేషన్ కలిగించుట యెట్లో నేర్చుకొమ్మని పై యధికారులు మమ్ము మూడు దినములు శిక్షణకు పంపిరి. అన్నియు వ్రాసికొని వచ్చితిని గాని మనసున కెక్కలేదు. మన శాస్త్రములలో దీనికి సమాధాన మున్నదా?" అని అడిగెను.

ఉన్నదని వెంటనే చెప్పితిని. కాని ఆ సమాధానమును చెప్పుటకు నేనెంతవఱకు అర్హుడనను సంశయము ఆ రాత్రి నన్ను నిద్రపోనీయలేదు. ఆ సంశయము తీరకయే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మోటివేషనను మాటకు నేడు వాడుకలో నున్న తెలుగు 'ప్రేరణ'. వ్యాకరణము చదువుకొనిన వానికి ఈ పదము చిన్ననాటి నుండియు పరిచితమే. 'చేయుచున్నాడు' అన్నచో కర్త యొకడే. 'చేయించుచున్నాడు' అన్నచో ఇద్దఱు. చేయువా డొకడు, చేయించువా డొకడు. పాణిని మహర్షి కర్త యనగా స్వతంత్రుడని చెప్పి, మఱుసటి సూత్రముననే ఆ కర్తను ప్రేరేపించువానికి హేతువని పేరుపెట్టి, వానినిగూడ కర్త యనెను. పాఠశాలలో ఈ చోటికి వచ్చినపుడు ఏదో యొక కుఱ్ఱవాడు తప్పక ప్రశ్న వేయును. ఇంకొకడు చేయింపగా చేయువాడు స్వతంత్రు డెట్లగును? యజమాని యాజ్ఞపై వండు వంటవాడు పరతంత్రుడే గదా? నేనును అట్లే అడిగితిని. మా గురువుగారు చెప్పినది వైయాకరణుల సంప్రదాయములోని సమాధానమే. ప్రేరేపింపబడినవాడు ఏమియు చేయక కూర్చుండెనేని 'చేయించెను' అను మాటయే పుట్టదు. మంట యెంత పెట్టవలెనో, మెతుకు ఎప్పుడు ఉడికినదో చూచుకొనువాడు వంటవాడే గాని యజమాని కాడు. ఆ మేర కతడు స్వతంత్రుడు. ఆ స్వాతంత్ర్యమును కూడ లాగికొన్నచో అతడు కర్త కాడు, కరణమగును, అనగా గరిటె వంటివాడగును. గరిటెకు ఉత్సాహము లేదని వగచుటలో అర్థము లేదు.

ఇది వ్యాకరణమునకు సంబంధించిన సూక్ష్మమే యైనను, శ్రీమద్రామాయణములో కిష్కింధాకాండను ఈ దృష్టితో చదివినచో ఎంతో విషయము కనబడును. సీతాన్వేషణమునకు వానరులను నాలుగు దిక్కులకు పంపునపుడు సుగ్రీవుడు ఒక మాసము గడువు పెట్టెను. గడువు దాటినవానికి మరణదండన మనెను. మాట తప్పని కఠినశాసనము. దాని ఫలితమేమి? దక్షిణదిక్కునకు పోయిన అంగదాదులకు స్వయంప్రభ గుహలో కాలము తెలియక గడచిపోయినది. వెలుపలికి వచ్చి చూచుకొనినంతనే వారి చేతులు కాళ్ళు ఆడలేదు. తిరిగి పోయి చచ్చుటకంటె ఇచ్చటనే ప్రాయోపవేశము మేలని దర్భలు పఱచుకొని సముద్రతీరమున పడుకొనిరి. వారిలో ఆంజనేయుడున్నాడు, జాంబవంతుడున్నాడు. అంతటి బలవంతులున్న సేనను ఆ శాసనము పడుకొనబెట్టినది. సీతమ్మను గూర్చి ఒక్క అడుగైన ముందుకు వేయింపలేకపోయినది.

సంపాతి వలన జాడ తెలిసిన పిమ్మట, సముద్రమును దాటువాడెవ్వడను ప్రశ్న వచ్చెను. ఎవరికి వారు తాము దూకగల యోజనముల లెక్క చెప్పుకొనిరి. హనుమ యొక ప్రక్కన మౌనముగా కూర్చుండెను. అప్పుడు వృద్ధుడైన జాంబవంతుడు అతని చెంతకు పోయి ఏమి చేసెను? భయపెట్టలేదు, బహుమానము చూపలేదు. నీవెవడవో, నీ జన్మమేమో, చిన్ననాడు నీవేమి చేసితివో చెప్పెను. అంతే. హనుమకు లేని బలము జాంబవంతు డీయలేదు. ఉన్నదానిని పేరుపెట్టి పిలిచెను. చేయించువాని పని యింతయే యని నా నమ్మకము. కాని అట్లు పిలువవలెనన్న ముందుగా ఎదుటివానిలో ఉన్నదేదో తెలిసియుండవలెను. నలుబది మందిని ఏలువానికి ఆ నలుబది మంది చేతులలో ఏ నేర్పున్నదో తెలియనిచో ఏమని పిలుచును?

కార్యము సాధించి తిరిగివచ్చునప్పటి ముచ్చట మఱింత సొగసైనది. వానరులు సుగ్రీవుని మధువనములో జొరబడి తేనె త్రాగి, అడ్డు వచ్చిన కావలివారిని కొట్టిరి. వనపాలకుడైన దధిముఖుడు రాజునకు మేనమామ. అతడు వచ్చి మొఱపెట్టుకొనెను. మరణదండనమని గర్జించిన ఆ సుగ్రీవుడే ఆ మొఱ విని సంతోషించెను. పని కాకున్నచో వీరికి ఇంతటి చనువు రాదు, సీతమ్మ కనబడియుండునని ఊహించెను. నియమభంగమును విని దాని వెనుకనున్న ఆనందమును పోల్చుకొనిన ప్రభువు! ఈ ఘట్టమును ప్రవచనములో చెప్పునపుడెల్ల శ్రోతలు నవ్వుదురు. అధికారులు కొంచెము ఆలోచింపవలెను.

ఇక యుద్ధకాండ మొదటనే శ్రీరాముడు భృత్యులను మూడు తెఱగులుగా చెప్పెను. అప్పగించిన కష్టకార్యమును సాధించి, దానితోపాటు అనుకూలమైన మఱియొక పనిని గూడ ప్రీతితో చేసినవాడు ఉత్తముడు. శక్తియుండియు చెప్పినంతనే చేసినవాడు మధ్యముడు. చెప్పినదియు చేయనివాడు అధముడు. ఈ విభాగమును యజమానులు ఉద్యోగులను తూచు త్రాసుగా వాడుట నే నెఱుగుదును. నా శిష్యుని ఫిర్యాదు కూడ ఇదియే, తనవారు మధ్యములని. అయితే ఆ మాట రాము డెప్పుడనెను? హనుమ తెచ్చిన వార్త నంతయు విని, ఇంతటి ప్రియము చేసినవానికి తగిన ప్రతిప్రియము చేయలేకున్నానే యని తాను దుఃఖించుచు అనెను. లంకను కాల్చుమని రాముడు చెప్పలేదు. నిన్నెవరు కాల్చుమనిరని అడుగనులేదు. ఆ సమయమున తన వద్ద నున్న సర్వస్వ మిదియేయని కౌగిలి నిచ్చెను.

కౌగిలి యిచ్చిన చాలును, జీత మక్కఱలేదని యెవరైన తలతురేమో! ఆ రాముడే చిత్రకూటమున భరతుని చూచినంతనే కుశలము నడుగుచు, సైన్యమునకు భత్యమును వేతనమును సకాలమున ఇచ్చుచున్నావా, జాగు చేయుటలేదు గదా యని ప్రశ్నించెను. వేతనము ఆలస్యమైనచో భృత్యులు ప్రభువుపై కోపింతురు, అది గొప్ప యనర్థమునకు దారితీయునని హెచ్చరించెను. పితృమరణవార్త యింకను తెలియని అన్న, అడవికి వచ్చిన తమ్ముని అడిగిన ప్రశ్నలలో జీతముల ప్రస్తావన! భారతమున సభాపర్వములో నారదుడు ధర్మరాజును ఇదే యడిగి, ఇంకొకటి చేర్చెను. తన పౌరుషముచేత పనికి శోభ తెచ్చినవానికి అధికమైన మానమో, హెచ్చు వేతనమో లభించుచున్నదా యని. మానమును ముందు చెప్పి వేతనమును తరువాత చెప్పుట గమనింపదగినది. కౌటిల్యుడు ఇంకను లెక్కలమనిషి. ఆదాయములో నాలుగవ వంతు భృత్యుల భరణమునకు ఏర్పఱచి, మంత్రి పురోహితాదులకు 48,000 పణముల నుండి అట్టడుగువానికి 60 పణముల వఱకు నిర్ణయించెను. పనిలో మరణించినవాని భార్యాపుత్రులకు భత్యవేతనము లీయవలె ననెను.

ఈ సందర్భమున నాకొక పాత సంగతి గుర్తునకు వచ్చుచున్నది. నా ఉద్యోగకాలమున ఒక యేడు మాకు మూడు నెలలు జీతములు రాలేదు. అడుగబోయిన మాకు పెద్దలొకరు గీతలోని నిష్కామకర్మను బోధించిరి. ఆయన గీతను చదివినవారే. కాని ఫలాపేక్ష విడువుమన్నది చేయువాడు తనకు తాను చెప్పుకొనవలసిన మాట. ఎదుటివాని కూలిని చేతిలో పట్టుకొని చెప్పవలసినది కాదు. అదిగాక, విల్లు జాఱవిడిచి కూలబడిన అర్జునునకు శ్రీకృష్ణుడు పదునెనిమిది యధ్యాయములు ఓపికతో చెప్పి, తుదకు బాగుగా విచారించి నీ యిష్టము వచ్చినట్లు చేయుమనెను. చేయువాని స్వాతంత్ర్యమును భగవంతుడే తీసివేయలేదు. అదే యుద్ధమున కర్ణుని రథముపై శల్యుడు కూర్చుండెను. అతడును సారథియే, గుఱ్ఱములను తోలుటలో కృష్ణునకు సాటియని పేరు మోసినవాడే. అతడు చేసిన పనికి వ్యాసభగవానుడు వాడిన పేరు తేజోవధ. ఆయుధముతో పనిలేని వధ యది.

అది నేనును చేసితిని.

సుమారు ముప్పది యేండ్ల క్రిందట నేనొక విద్యాసంస్థలో ప్రధానపండితుడనుగా నుండగా, అచటి తాళపత్రములను కాగితముపైకి ఎక్కించుటకు ఒక లేఖకు డుండెడివాడు. నాకంటె పెద్దవాడు, గ్రంథలిపి బాగుగా చదువగలవాడు. కూలి గ్రంథపు లెక్కన, అనగా ముప్పదిరెండు అక్షరముల కొకటి చొప్పున. ఒక ధర్మశాస్త్ర వ్యాఖ్యానములో పురుగులు తినివేసిన చోట పదునెనిమిది యక్షరములు లోపించినవి. అట్టిచోట చుక్కలు పెట్టి విడుచుట వాడుక. ఆయన పొరుగు తాలూకాలో ఒక పాత యింట ఆ గ్రంథము మఱియొక ప్రతి యున్నదని విని, సెలవుదినమున తన ఖర్చుతో బస్సెక్కి పోయి, ఆ పదునెనిమిది యక్షరములను చీటిపై వ్రాసి తెచ్చి కట్టకు గ్రుచ్చి నాకు పంపెను. ఆ శ్రమకు లెక్కప్రకారము ఒక గ్రంథపు కూలియైనను రాదు.

నేను చీటి చూచితిని. పాఠము నిర్దుష్టమని గ్రహించితిని. ప్రతిలో చేర్చుకొంటిని. ఆ కట్టలోనే వేఱుచోట్ల ఏడు తప్పులుండగా ఎఱ్ఱసిరాతో సున్నలు చుట్టి తిరుగ పంపితిని. చీటిని గూర్చి ఒక్క మాటయు అనలేదు. కావలెనని మానలేదు. పని సరిగా జరిగినపుడు చెప్పవలసిన దేమున్నదని నా యభిప్రాయము. మా గురువుగారును మమ్ము మెచ్చి యెఱుగరు.

తరువాత వచ్చిన కట్టలలో తప్పులు తగ్గినవి. చీటీలును రాలేదు. చిల్లి పడినచోట చుక్కలు. పూర్వలేఖకుడు పొరపాటున ఒక పంక్తిని రెండుమార్లు వ్రాసియుండగా దానిని గూడ అట్లే రెండుమార్లు ఎక్కించినాడు. మక్కికి మక్కి. పిలిచి అడిగితిని. "ఉన్నది ఉన్నట్లు వ్రాయుటయే గదండీ నా పని" యనెను. మాటలో కోపమేమియు లేదు. నాకే కోపము వచ్చెను. ఇతడు మధ్యముడని మనసులో ముద్ర వేసితిని. రామాయణము నూఱుమార్లు చదివిన నాకు, ఆ ఉత్తముని మధ్యమునిగా దించినవా డెవడను ప్రశ్న అప్పుడు తోచలేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రము 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున గ్రంథలిపిలో నున్న తాళపత్రప్రతిగా శామశాస్త్రిగారి దృష్టికి వచ్చినది, 1909లో అచ్చుపడినది. ఎవరో లేఖకుడు మనసుపెట్టి వ్రాసి నిలిపినందువలననే గదా, భృత్యుల కేమీయవలెనో నేడు మనము చదువుకొనుచున్నాము. మన నన్నయభట్టారకుడు భారతరచనలో తనకు తోడ్పడిన నారాయణభట్టును తన అవతారికలోనే, భారతయుద్ధమున అర్జునునకు కృష్ణునివలె నిలిచినవాడని చెప్పుకొనెను. ఆదికవికి దానివలన కొఱత యేమియు కలుగలేదు. పీఠికలో నేను నా లేఖకుని పేరు వేయలేదు.

శిష్యునకు ఈ కథ యంతయు మఱునాడు చెప్పితిని. "తరువాత ఆయనకు ఎప్పుడైన చెప్పితిరా?" అని యడిగెను. చెప్పితిని, చాల ఆలస్యముగా. ఆయన పని మాని కుమారుని యొద్దకు వెడలిపోయిన పిమ్మట, చిరునామా కనుగొని ఉత్తరము వ్రాసితిని. చీటి సంగతియు, నా మౌనమును, అన్నియు వ్రాసితిని. వారము తిరుగకమునుపే కార్డు వచ్చెను. నా క్షమాపణను గూర్చి అందులో ఒక్క మాటయు లేదు. అచ్చులో ఆ పదునెనిమిది యక్షరములను అట్లే యుంచితిరా, లేక వేఱొక ప్రతిలో ఇంకొక పాఠమేమైన దొరికినదా, నాలుగవ యక్షరముపై తనకు అప్పుడే అనుమాన ముండెడిదని వ్రాసెను.

అచ్చుప్రతి తీసి నాలుగవ యక్షరమును మరల చూచి, సరియైనదేయని ఆ దినమే బదులు వ్రాసితిని. ఆ చీటి వచ్చి అప్పటికి పదునాఱు సంవత్సరములు.