రోగి దగ్గర ముక్కు మూసుకోవడం

వైద్యవృత్తిలోకి వచ్చేవాళ్లకు రక్తం చూసి బెదరకూడదని అందరూ చెబుతారు. కంపు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. షుగరు జబ్బుతో కుళ్లిన పాదానికి కట్టు విప్పినప్పుడు, కడుపులో రక్తం కారి తారులాంటి నల్లటి విరేచనం అయినప్పుడు, బుగ్గ క్యాన్సర్ చర్మాన్ని చీల్చుకుని బయటపడినప్పుడు వార్డంతా కమ్ముకునే వాసనకు కడుపులో తిప్పనివాళ్లు అరుదు. ఆ తిప్పుడు వెంటే సిగ్గు కూడా వస్తుంది. సేవ చేయాల్సిన మనిషినే రోసుకుంటున్నానే, నాలో దయ లేదా అన్న సిగ్గు. దీన్ని ఉద్యోగంలో ఒక ఇబ్బందిగా కొట్టిపారేయలేం, ఇది ధర్మసందేహమే. నా మట్టుకు సమాధానం ఇది: వాసనకు కలిగే రోతలో దోషం లేదు. ఆ రోత వాసనను వదిలి మనిషి మీదికి మళ్లినప్పుడే దోషం మొదలవుతుంది.

చూపు, వినికిడి లాంటివి మెదడులో థాలమస్ అనే కూడలి దాటి లోపలికి వెళ్తాయి. వాసన ఆ కూడలిని తప్పించుకుని, భయానికీ రోతకూ నెలవైన భాగాల దాకా నేరుగా పోతుంది. మనం ఏమిటా అని ఆలోచించేలోపే కడుపు తిరిగిపోతుంది. కుళ్లినదాన్ని తినకుండా మన పూర్వీకులను కాపాడిన కాపలా అది. సంకల్పం లేనిచోట పాపపుణ్యాల లెక్క కుదరదని మన తాత్విక సంప్రదాయాలు చాలావరకు ఒప్పుకుంటాయి. ఇంకో సంగతి, అదే వాసనలో కొన్ని నిమిషాలు నిలబడితే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడికి ఆ ఊరట ఎప్పటికీ అందదు.

వినయపిటకంలోని మహావగ్గలో ఒక భిక్షువు కథ ఉంది. విరేచనాలు పట్టుకుని తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. మాకు అతనివల్ల ఒరిగేదేముందని తోటివాళ్లు వదిలేస్తారు. బుద్ధుడు ఆనందుడితో నీళ్లు తెప్పిస్తాడు. తాను పోస్తుంటే ఆనందుడు కడుగుతాడు. తర్వాత ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టుకుని మంచం మీద పడుకోబెడతారు. అదే సందర్భంలో రోగికి ఉపచారం చేసేవాడికి ఉండాల్సిన లక్షణాలు చెబుతూ, మందు కలపడం తెలిసి ఉండటం, పథ్యం తెలిసి ఉండటం వంటి వాటితో పాటు మలమూత్రాలు, ఉమ్మి, వాంతి ఎత్తిపోయడానికి రోయకపోవడాన్నీ లెక్కించారు. ఆ షరతు ఎత్తిపోసే పనికి ముడిపడి ఉండటం గమనించాలి. ముక్కుకు ఏమీ తెలియకుండా పోవాలని అక్కడ లేదు, చేయి వెనక్కి పోకూడదని ఉంది.

అదే బౌద్ధంలో అశుభభావన అనే సాధన కూడా ఉంది కదా, శరీరం ఎంత అశుచో పదేపదే తలచుకుంటే రోత దానంతటదే చస్తుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. బుద్ధఘోషుడి విశుద్ధిమార్గం కుళ్లే శవాన్ని పది దశల్లో ధ్యానించమని చెబుతుంది, నిజమే. కానీ ఆ మందు ఎవరి కోసం? తన దేహం మీద మోహం వదిలించుకోవాలనుకునే సాధకుడి కోసం. ఎదుటివాడి దేహం మీద దాన్ని ప్రయోగిస్తే పుట్టేది దయ కాదు, ఉదాసీనత. పైగా, వైశాలిలో ఆ సాధన హద్దు మీరి కొందరు భిక్షువులు తమ శరీరాలనే అసహ్యించుకుని ప్రాణాలు తీసుకున్నారనీ, అప్పుడు బుద్ధుడు శ్వాస మీద ధ్యానాన్ని బోధించాడనీ ఆ వినయపిటకమే దాచకుండా చెబుతుంది. రోతను మరింత రోతతో గెలవాలనుకోవడంలోని ప్రమాదం ఆ సంప్రదాయానికే బాగా తెలుసు.

లోపల తిప్పుతుంటే పైకి మామూలుగా ఉండటం కపటం కాదా అన్నది రెండో అభ్యంతరం. కాదనే నేను గట్టిగా నమ్ముతాను. తన పుండు కంపు కొడుతోందని రోగికి అందరికంటే ముందే తెలుసు. ఇంట్లో అందరితో కలిసి తినడం మానేసి, చుట్టాలొస్తే పక్కగదిలోకి వెళ్లిపోయి ఉంటాడు. కట్టు విప్పే చేతుల కంటే, విప్పేవాళ్ల కనుబొమల మీదే అతని చూపు ఉంటుంది. అక్కడ మొహం చిట్లించకపోవడం అబద్ధమాడటం కాదు, ఈ కంపును బట్టి నిన్ను కొలవడం లేదన్న నిజాన్ని చెప్పడం. మాస్కు లోపల కాస్త విక్స్ రాసుకోవడంలోనూ తప్పు లేదు. పదే పదే బయటికి పోకుండా అక్కడే నిలబడటానికి అది పనికొస్తే ఇంకా మంచిది.

ఇక అసలు కష్టమైన మాట. రోత మనిషి మీదికి మళ్లడం ఒక్కొక్కరి బలహీనతగా ఆగలేదు, మన దేశంలో అది శాస్త్రమైంది. వైద్యుడు పెట్టే అన్నం చీముతో సమానమని మనుస్మృతి అంటుంది. పుండు ముట్టుకున్నవాడికే ఆ పుండును అంటగట్టడం కాక ఇదేమిటి? దీనికి పూర్తిగా ఎదురుగా సుశ్రుతసంహిత పుండ్ల వాసనను ముక్కుతో పరీక్షించి తెలుసుకోమంటుంది. శవాన్ని ఏడు రాత్రులు నీటిలో నాననిచ్చి, పొరపొరా ఒలిచి అవయవాలు చూడమంటుంది. ఒకచోట మైల అయిన కంపే ఇంకోచోట జ్ఞానానికి దారి అయింది. ఇవాళ్టి ఆసుపత్రిలోనూ మైల లెక్క పోలేదు. మందు రాసేవాళ్లు మంచం పక్కన రెండు నిమిషాలు ఉంటారు. బెడ్‌పాన్ ఎత్తే ఆయా, నేల కడిగే కాంట్రాక్టు కార్మికురాలు షిఫ్టంతా ఉంటారు. వాళ్లకు అలవాటేలే అనే మాట వినడానికి మామూలుగా ఉంటుంది గాని, రోతను పుట్టుకను బట్టి పంచిన పాత ఏర్పాటు అందులో ఇంకా బతికే ఉంది. అలవాటు అందరి ముక్కులకూ ఒకటే, కాబట్టి ఆ పని తనకు కుదరదనే హక్కు డాక్టరుకు ప్రత్యేకంగా ఏమీ లేదు.

కంపును ఓర్చుకోవడమే గొప్పతనం అనుకుంటే రోగికి అన్యాయం జరుగుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లకు చుట్ట నిప్పు నోటి లోపలే ఉండటం వల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. అలాంటి పుండ్లలో గాలి అందనిచోట పెరిగే బ్యాక్టీరియా వల్లే ఆ భరించలేని వాసన. పుండు పైకి తేలినప్పుడు మెట్రోనిడజోల్ మాత్రను పొడి చేసి చల్లి కట్టు కడితే చాలామందిలో అది కొద్దిరోజుల్లోనే తగ్గుతుంది. చాలా చౌక మందు అది. అయినా వాసన తగ్గించండి అని అడగడానికి రోగి సిగ్గుపడతాడు, ఆ ఊసెత్తడానికి డాక్టరు మొహమాటపడతాడు. నొప్పి ఎలా ఉందని అడిగినట్టే, వాసన ఇబ్బంది పెడుతోందా అమ్మా అని ముందుగా అడగాల్సింది డాక్టరే.