పరభాషలో ప్రేషితసేవ

దైవవాక్యమును వినిపింపవలెనని పరదేశమునకు బోయినవాడు, అచ్చటి భాష రాక జనుల నడుమ మూగవలె నిలిచినప్పుడు, వాని సేవ ఇంకను ఆరంభము గాలేదని తలంపవలెనా, లేక ఆ మూగతనముతోనే ఆరంభమైనదని తలంపవలెనా? ఈ ప్రశ్న క్రైస్తవమతముతోపాటు పుట్టినది. పెంతెకొస్తు దినమున యెరూషలేములో గూడిన నానాదేశీయులు తమతమ భాషలలో వాక్యమును వినిరని అపొస్తలుల కార్యముల గ్రంథము చెప్పుచున్నది. ఆ అద్భుతము పలికినవారి నాలుకయందు జరిగినదా, విన్నవారి చెవియందు జరిగినదా యని నాలుగవ శతాబ్దిలోనే నజియాంజసు గ్రెగొరి విచారించెను. ఆ గ్రంథములోనే లుస్త్ర పట్టణపు వృత్తాంతము గలదు. పౌలు ఒక కుంటివానిని నడిపింపగా, జనులు లుకయొనియ భాషలో కేకలు వేసి, వచ్చినవారు మానవరూపము దాల్చిన దేవతలని నమ్మి, ఎడ్లను పూదండలను దెచ్చి బలికి సిద్ధపడిరి. ఆ కేకల భావము తెలియకపోవుటచేతనే గాబోలు, అపొస్తలులు వారిని తత్‌క్షణమే వారింపలేకపోయిరి. భాష యెఱుగని బోధకునకు తిరస్కారముకన్న ఇట్టి పూజయే పెద్ద ప్రమాదమని నా యభిప్రాయము. ఏలయన, తిరస్కరింపబడినవాడు కారణమేమని యడుగును గాని, పూజింపబడినవాడు ఏమియు నడుగడు.

అనంతపురము సీమలోని మా నల్లమాడకు ఈ ప్రశ్న దూరపుది గాదు. పొరుగుననున్న ముదిగుబ్బలోను, కృష్ణాపురము, పుంగనూరు మొదలగు రాయలసీమ గ్రామములలోను 18వ శతాబ్ది తొలిభాగమున ఫ్రెంచి యేసుసభ గురువులు కర్ణాట మిషను పేర సేవ చేసిరి. వారు కాషాయము గట్టి, మాంసము విడిచి, సన్న్యాసులవలె జీవించిరి. ముదిగుబ్బలో ఆనాడు క్రైస్తవులైన రెడ్డి కుటుంబములవారు తరువాతి కాలమున తూర్పునకు తరలి గుంటూరు సీమలో స్థిరపడిరి. వస్త్రము ఒక్క దినమున మార్చుకొనవచ్చును. భాషకు మాత్రము ఏండ్లు పట్టును, అంతకుమించి ఒకరి దయ కావలెను. వీధిలోని పిల్లవాడు నవ్వినను నొచ్చుకొనక, ముసలమ్మ దిద్దినను చిన్నబోక, తాను బోధింపవచ్చిన వారికే శిష్యుడై కూర్చుండగల వినయము కావలెను.

ఆ గురువులలో గాస్తన్ కేర్దూ అనునాతడు 1691లో ఫ్రాన్సునందు జన్మించి, 1732లో హిందూదేశమునకు వచ్చి, తెలుగుసీమలో పనిచేసి, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదములతో ఒక నిఘంటువును గూర్చెను. 1742లో ఆయన స్వదేశమునకు వ్రాసిన జాబొకటి మన అద్దకపు పనిని గూర్చినది. బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టుట, ఎండబెట్టుట, కొట్టి నునుపు చేయుట, గీతలు గీయుట, ఎఱుపునకు చిరివేరు వాడుట, ఇట్లు ఒక్కొక్క మెట్టును క్రైస్తవులైన పనివాండ్ర నడిగి తెలిసికొని వ్రాసెను. ఆ సమాచారము ఫ్రెంచి వర్తకులకు లాభకరమైనదనుట నిజమే, అది నాకు సమ్మతమును గాదు. అయినను గుడిలో జపములు నేర్పు గురువు, రంగుల కుండలయొద్ద ఆ శిష్యులనే గురువులుగా జేసికొని వినుట గమనింపదగినది. ఇట్లు విన్న చెవియే గాబోలు, 1767లో పారిసు పండితుడైన బార్తెలెమీకి వ్రాసిన లేఖలో సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతోగల బాంధవ్యమును గుర్తించెను. విలియం జోన్సు కలకత్తాలో ఆ విషయము చెప్పుట 1786లో. మానవులందఱు ఒక్క తండ్రి బిడ్డలని చెప్పవచ్చినవానికి ఆ చుట్టఱికపు జాడ పరుల వ్యాకరణములోనే దొరకినది.

విశాఖపట్టణమున 1805లో లండను మిషనువారైన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అను నిరువురు తెలుగు నేర్వ మొదలిడిరి. వారికి ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు తోడై సువార్తల అనువాదమునకు చేయూతనిచ్చెను. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ మరణించిరి. వారి కృషిఫలముగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడినవి. దొరల పేర్లు చరిత్రలో నిలిచినవి. ఆనందరాయరు పేరు నేడు ఎన్ని గుడులలో వినబడుచున్నది? ఇతర మిషనులలో పనిచేసిన మునిషీలు, ఉపదేశులు, బైబిలు స్త్రీలు అనేకుల పేర్లే మిగులలేదు.

వ్యాకరణము వచ్చినంతమాత్రమున భాష వచ్చినట్లు గాదు. మా యెఱ్ఱనేలలో వానపడిన మఱునాడు రైతు పిడికెడు మన్ను తీసి, నలిపి, పదును చూచి, చెనిక్కాయ విత్తుటకు గొఱ్ఱు గట్టును. వాన వెనుకబడిన యేట అతడే వచ్చి, "పదును దాటిపోయింది ఫాదరూ" అని ఊరకుండును. ఆ ఒక్క మాటలో విత్తనపు అప్పు, అమ్మబోవు ఎడ్లు, బెంగుళూరు వలస యన్నియు నుండును. వినువానికి ఇవి తోపకున్నచో, వాని ప్రార్థన ఎంత శుద్ధమైన తెలుగులో నున్నను ఆ రైతును చేరదు. కావుననే దుబాసితోనే బ్రతుకంతయు వెళ్లబుచ్చవచ్చునను వారితో నేనేకీభవింపను. యేసుసభవాడైన విన్సెంట్ ఫెర్రర్ మన్మాడులో మరాఠీ రైతుల నడుమ ఏండ్లు గడిపి, అచ్చటినుండి వెడలగొట్టబడి, 1969లో నలుబది తొమ్మిదేండ్ల ప్రాయమున అనంతపురమునకు వచ్చి క్రొత్త భాష యెదుట నిలిచెను. ఆ మఱుసటి యేడు సభను విడిచినను, 2009లో మరణించువఱకు ఈ కరవుసీమను విడువలేదు. తిరునెల్వేలి తమిళుడైన అజరయ్య తెలుగు నేర్చి, 1912లో దోర్నకల్ బిషప్పై, 1945లో మరణించువఱకు మనవారి నడుమనే యుండెను.

1903లో నెల్లూరు సీమనుండి జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయినప్పుడు, అచ్చటి తెలుగు కూలీలకు తమ భాషలోనే వాక్యము లభించినది. నేడు ఒరిస్సాకును, ఛత్తీసుగఢునకును, ఆఫ్రికాకును పోవు మన గురువులకు, కన్యస్త్రీలకు, బోధకులకు అట్టి సౌలభ్యము లేదు. వారిని పంపు సంఘములకు నా మనవి యేమనగా, మొదటి యేడు వారికి ప్రసంగము చెప్పు భారము పెట్టక, ఆ యూరి వారియొద్ద నేర్చుకొను తీరిక నిండు. అనంతపుర మండలపు విచారణలవారికిని ఒక మనవి: పరదేశపు గురువులకు తెలుగు నేర్పిన ఉపదేశుల పేర్లను, వారి నెఱిగిన వృద్ధులు బ్రతికియుండగానే అడిగి, గుడి పుస్తకములలో వ్రాసియుంచుడు.