ఇంటి గాలి ఎవరి సొత్తు?

తెల్లవారుజామున తార్నాక, హబ్సిగూడ ప్రాంతాల వారెందరో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో నడకకు వెళ్తుంటారు. చెట్ల గాలి ఒంటికి మంచిదంటారు. మంచి అలవాటే. మరి ఇంటికి తిరిగొచ్చి తలుపులు మూసుకున్నాక పీల్చే గాలి గురించి ఎంతమంది ఆలోచిస్తున్నారు?

మన దేశంలో 2003లో వచ్చిన పొగాకు చట్టం ప్రకారం విద్యాసంస్థలకు 100 గజాల లోపు సిగరెట్లు అమ్మరాదు. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగరాదన్న నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి గట్టిగా అమలులోకి వచ్చాయి. కాని ఈ చట్టం ఇంటి గడప దాకానే వస్తుంది. తరగతి గదిలో సిగరెట్ ముట్టించలేని వ్యక్తి ఇంట్లో పసిపిల్ల పక్కనే కూర్చుని ముట్టించవచ్చు. "నా ఇల్లు, నా ఇష్టం" అనవచ్చు. అతన్ని అడిగే పోలీసు లేడు. మరి అంతరాత్మ?

దైవప్రవక్త (స) ఓడలోని ప్రయాణికుల ఉపమానం చెప్పారు. పై అంతస్తులో కొందరు, కింద కొందరు ఉన్నారు. నీళ్ల కోసం మాటిమాటికీ పైకి వెళ్లి పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకని, తమ భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందామని కిందివారు అనుకున్నారు. వారి ఉద్దేశం చెడ్డది కాదు. రంధ్రం చేయదలచిందీ తమ వాటాలోనే. అయినా వారిని ఆపకపోతే అందరూ మునుగుతారు. ఇంటి గాలి కూడా అలాంటిదే. గదులను పంచుకోవచ్చు గాని గాలిని పంచుకోలేం.

మంచి ఉద్దేశంతో చేసే హాని మరీ సూక్ష్మమైనది. పిల్లలను దోమలు కుడతాయని తల్లి కిటికీలు మూసి మస్కిటో కాయిల్ వెలిగిస్తుంది. చైనా, మలేషియా కాయిల్స్‌పై 2003లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానం. గురువారం సాయంత్రం భక్తిశ్రద్ధలతో వేసే ఊద్, సాంబ్రాణి పొగ కూడా ఉబ్బసం ఉన్నవారికి ఊపిరాడనివ్వదు. సంకల్పానికి విలువ ఉంది, నిజమే. తెలియక చేసినప్పుడు ఆ తల్లిని తప్పుపట్టలేం. కాని తెలిసిన తర్వాత మన ప్రేమ నిజమైనదైతే అలవాటు మారాలి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఏళ్ల తరబడి పరిశీలిస్తూ వచ్చిన హైదరాబాద్ సమీప గ్రామాల ప్రజలపై జరిగిన ఒక అధ్యయన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. గాలిలో సన్నని ధూళి ఎక్కువగా ఉన్నచోట, కట్టెల పొయ్యి వాడే ఇళ్లలో, మెడలోని రక్తనాళాల గోడలు మందంగా ఉండటం కనిపించింది. అంటే పొగ ఊపిరితిత్తులతో ఆగదు, గుండె దాకా వెళ్తుంది. ఇంట్లోని వంట పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా ఐదేళ్లలోపు పసివారే.

ఇక్కడ ఒక న్యాయపరమైన ప్రశ్న ఉంది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం పేద ఇళ్లకు గ్యాస్ పొయ్యిని తెచ్చాయి. కాని సిలిండర్ అయిపోయాక మళ్లీ తెప్పించాలా, ఈ నెలకు కట్టెలతో సరిపెట్టాలా అని నిర్ణయించేది తరచు పురుషుడు. పొగ పీల్చేది మాత్రం స్త్రీ, ఆమె చంకలోని బిడ్డ. స్థోమత లేనివాడిది నిస్సహాయత. స్థోమత ఉండి కూడా భార్య ఊపిరి కంటే తన సెల్‌ఫోన్ రీచార్జికే ముందు చోటిచ్చేవాడు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

సోదర సోదరీమణులారా! చేయవలసినవి కష్టమైన పనులేమీ కావు. వంట చేసేటప్పుడు కిటికీ తెరవండి. కాయిల్‌కు బదులు దోమతెర కట్టండి. ఊద్ వేస్తే గాలి ఆడేలా చూడండి, ఉబ్బసం రోగి ఉంటే మానండి. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోకండి. దాని నుంచి వచ్చే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, మనిషి నిద్రలోనే పోతాడు. ఇక సిగరెట్ విషయానికి వస్తే, ఇంటి బయట తాగమని చెప్పడం కంటే మానేయమని చెప్పడమే మేలు.

మన కారణంగా మన ఇంటివారెవరికీ ఊపిరి బరువు కాకుండా చూసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.